బైకుకు సరైన ఇంజిన్ ఆయిల్ ఎంచుకోవడం: డబ్బా వెనుక రాతను చదివే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల ఉన్న ఏ స్పేర్ పార్ట్స్ దుకాణం ముందు కాసేపు నిలబడినా ఒకే సంభాషణ నాలుగైదు సార్లు వినిపిస్తుంది. "అన్నా, బండికి ఆయిల్ కావాలె" అని వచ్చినవారు అంటారు. "ఏం బండి తమ్మీ?" అని దుకాణదారు అడుగుతారు. "స్ప్లెండర్" అనగానే ఒక డబ్బా కౌంటర్ మీదికి వస్తుంది, డబ్బులిచ్చి దాన్ని సంచిలో వేసుకొని వెళ్ళిపోతారు. అర నిమిషంలో ముగిసిన ఆ కొనుగోలు తరువాత నెలల తరబడి, వేల కిలోమీటర్ల దూరం ఇంజిన్ లోపల తిరుగుతుంది. అది సరైనదైతే బండి దాని గురించి మనకు ఏమీ తెలియనివ్వదు. సరైనది కాకపోతే మొదట క్లచ్ చెబుతుంది, తరువాత గేర్లు చెబుతాయి, చివరికి బోరు పని చేయించుకోవలసి వచ్చినప్పుడు మెకానిక్ చెబుతాడు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో ఉండే పేరుకన్నా వెనుకవైపు చిన్న అక్షరాలతో ఉండే రాతకే ఈ విషయంలో ఎక్కువ విలువ ఉన్నదని, ఆ రాతను చదవడం ఎవరికైనా పావుగంటలో వచ్చే పని అని నా నమ్మకం. అందుకే ఆ రాతను ఎలా చదవాలో, మన ఎండలకు, మన దుమ్ముకు, మన బరువులకు దాన్ని ఎలా అన్వయించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది బైకు ఆయిల్‌కూ కారు ఆయిల్‌కూ ఉన్న తేడా. కారులో ఇంజిన్‌కు ఒక ఆయిల్, గేరుబాక్సుకు మరొక ఆయిల్ ఉంటాయి. గేర్లు మార్చి నడిపే కార్లలో క్లచ్ ప్లేటు పొడిగా, ఆయిల్ తగలకుండా పనిచేస్తుంది. మనం రోజూ నడిపే గేర్ల బైకుల్లో దాదాపు అన్నిటిలోనూ ఇంజిన్, గేరుబాక్సు, క్లచ్ మూడూ ఒకే కేసింగులో ఉండి ఒకే ఆయిల్‌లో తడుస్తుంటాయి. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య రాపిడి తగ్గించవలసింది ఆ ఆయిలే, గేరు పళ్ళ మధ్య పడే ఒత్తిడిని తట్టుకోవలసింది ఆ ఆయిలే, అదే సమయంలో క్లచ్ ప్లేట్లు ఒకదానినొకటి జారకుండా పట్టుకోవడానికి అడ్డం రాకూడనిదీ ఆ ఆయిలే. ఒకచోట జారాలి, మరొకచోట జారకూడదు. బైకు ఆయిల్ ఎంపికలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

ఈ సంగతి నాకు శ్రీశైలం దారిలో అనుభవంలోకి వచ్చింది. బయలుదేరడానికి రెండు రోజుల ముందు, కారుకు పోయగా మిగిలిన ఆయిల్ ఒక లీటరు ఇంట్లో ఉంటే, ఖరీదైన సింథటిక్ ఆయిల్ కదా, బైకుకు ఇంకా మేలే చేస్తుందని అదే పోయించాను. కల్వకుర్తి దాటేవరకు బండి మామూలుకన్నా మెత్తగా నడిచినట్టు కూడా అనిపించింది. మన్ననూరు దగ్గర అడవి మొదలయ్యాక, వెనుక మనిషి, సామాను ఉన్న బరువుకు క్లచ్ కొద్దికొద్దిగా వదులుతున్న సూచనలు కనిపించాయి. కృష్ణ దాటి శ్రీశైలం వైపు ఎక్కే మలుపుల దగ్గరికి వచ్చేసరికి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తున్నది కానీ వేగం పెరగడం లేదు. కాలిన వాసన మొదలైంది. తిరిగి వచ్చాక ఆయిల్ మార్చినా క్లచ్ పట్టు పూర్తిగా రాలేదు, ప్లేట్లు కూడా మార్చవలసి వచ్చింది. ఆ ఆయిల్ నాసిరకం కాదు. కారుకు అది మంచి ఆయిలే. ఇంధనం ఆదా కావడానికి అందులో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు, అవే తడి క్లచ్ ప్లేట్ల పట్టును సడలిస్తాయి.

జాసో గుర్తు

ఈ ఇబ్బందిని తీర్చడానికే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ (జాసో) 1998లో నాలుగు స్ట్రోకుల బైకు ఆయిళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్ని తెచ్చింది. దాని పేరు జాసో టీ 903. ఆయిల్‌ను నిజమైన క్లచ్ ప్లేట్ల మీద పరీక్షించి, కదులుతున్నప్పుడు పట్టు ఎంత, ఆగి ఉన్నప్పుడు పట్టు ఎంత, పట్టుకోవడానికి పట్టే సమయం ఎంత అన్న మూడు లెక్కలు తీసి, వాటినిబట్టి ఆయిల్‌కు తరగతి ఇస్తారు. పట్టు బాగా ఉండేది ఎంఏ, పట్టు తక్కువగా ఉండేది ఎంబీ. 2006లో ఎంఏ తరగతిని మళ్ళీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. వీటిలో ఎంఏ2 పట్టు ఎక్కువ. డబ్బా వెనుక చిన్న పెట్టె ఆకారంలో ఒక నమోదు సంఖ్య, దాని కింద ఎంఏ లేదా ఎంఏ2 అన్న అక్షరాలు కనిపిస్తాయి. కొన్ని డబ్బాల మీద పెట్టె లేకుండా "జాసో ఎంఏ2" అని వాక్యంలోనే రాస్తారు.

గేర్లున్న బైకుకు ఎంఏ, ఎంఏ1, ఎంఏ2లలో బండితో వచ్చే మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అది తీసుకోవాలి. ఎంఏ అని మాత్రమే ఉంటే ఎంఏ2 పోసినా నిశ్చింతగా ఉండవచ్చు. ఎంబీ అని ఉన్న డబ్బాను గేర్ల బైకుకు తీసుకోకూడదు. యాక్టివా, జూపిటర్, యాక్సెస్ వంటి స్కూటర్లలో క్లచ్ వేరే గదిలో, బెల్టు పక్కన పొడిగా పనిచేస్తుంది కాబట్టి వాటికి ఎంబీ సరిపోతుంది, కాస్త మైలేజీ కూడా కలిసివస్తుంది. ఇంట్లో ఒక బైకు, ఒక స్కూటర్ ఉన్నవారు ఒకే ఆయిల్ కొని రెండిటికీ పోయడం మన దగ్గర మామూలు విషయం. గ్రేడు ఒకటే అయినప్పుడు బైకు ఆయిల్‌ను స్కూటర్‌కు పోస్తే పెద్ద నష్టం లేదు. స్కూటర్ ఆయిల్‌ను బైకుకు పోస్తేనే క్లచ్ జారే ప్రమాదం.

ఇక్కడ టీవీఎస్ ఎక్సెల్ 100 గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు ఊళ్ళలో పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, గడ్డి మోపులు మోసేది ఎక్కువగా ఆ బండే. దానికి గేర్లు లేవు కాబట్టి స్కూటర్ లాంటిదేనని భావించి స్కూటర్ ఆయిల్ పోసేవారున్నారు. ఇంజిన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే దాని సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఆయిల్‌లో తడిసే రకం. గేర్లు లేకపోయినా ఆయిల్ విషయంలో అది బైకుల వరుసలోదే. పాత రెండు స్ట్రోకుల ఎక్సెల్ అయితే లెక్క పూర్తిగా వేరు. దానికి పెట్రోలులో కలిపి పోసే 2టీ ఆయిల్ కావాలి. 2టీ అని ఉన్నది నాలుగు స్ట్రోకుల బండిలో, 4టీ అని ఉన్నది రెండు స్ట్రోకుల బండి పెట్రోలు ట్యాంకులో ఎన్నడూ పోయకూడదు.

10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50: ఈ అంకెలు, మన ఎండలు

డబ్బా మీద అందరికీ కనిపించేది, అందరూ ఎక్కువగా పొరబడేది ఈ అంకెల దగ్గరే. ఇది ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే ఎస్‌ఏఈ గ్రేడు. డబ్ల్యూ అక్షరం చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిక. ఇంజిన్ తిప్పేటప్పుడు ఆయిల్ ఇచ్చే అడ్డును 10డబ్ల్యూ రకానికి సున్నా కన్నా 25 డిగ్రీల కింద, 20డబ్ల్యూ రకానికి 15 డిగ్రీల కింద కొలుస్తారు. పాలమూరులో అలాంటి చలి ఎన్నడూ రాదు కదా, మనకు ఈ అంకెతో పని ఏమిటన్న ప్రశ్న సహజమే. అయితే రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అది పైన వాల్వులను తెరిచే క్యామ్, రాకర్ల వరకు చేరాలి. ఆ కొద్ది క్షణాలు లోహం మీద లోహం నడుస్తుంది. 20 డిగ్రీల ఉదయంలో కూడా 10డబ్ల్యూ ఆయిల్ సాధారణంగా 20డబ్ల్యూ కన్నా ముందుగా పైకి చేరుతుంది.

గీత తరువాత ఉన్న రెండో అంకె ఆయిల్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఈ కొలత 100 డిగ్రీల వేడి దగ్గర తీస్తారు. 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలమానం) లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలని ప్రమాణం. అంటే 30కీ 50కీ మధ్య తేడా చిన్నది కాదు. వేడి ఇంజిన్‌లో ఒకటి మరొకదానికి దాదాపు రెట్టింపు చిక్కగా ఉండవచ్చు.

"మనది ఎండల ప్రాంతం, నల్లగొండల మే నెలల 44, 45 డిగ్రీలు కొడతది, పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పొయ్యాలె" అన్న మాట మెకానిక్ షెడ్డుల్లో తరచుగా వింటాం. ఆ మాట అనేవారు బండి మీద ప్రేమతోనే అంటారు, అందులో కొంత నిజం కూడా ఉంది. గాలితో చల్లబడే ఇంజిన్‌కు బయటి వేడి పెరిగితే లోపలి వేడి కూడా పెరుగుతుంది, వేడి పెరిగితే ఆయిల్ పల్చబడుతుంది. అయితే మన దేశంలో అమ్మే బండిని తయారు చేసినవారు మన దేశపు మే నెలను లెక్కలోకి తీసుకొనే మాన్యువల్‌లోని గ్రేడును నిర్ణయించారన్నది మరచిపోకూడదు. కొత్త ఇంజిన్లలో భాగాల మధ్య సందులు, ఆయిల్ పంపు, సన్నని ఆయిల్ దారులు అన్నీ 10డబ్ల్యూ-30 వంటి పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు అమర్చి ఉంటాయి. అలాంటి ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది, ఆయిల్‌ను తిప్పడానికే ఇంజిన్ శక్తి కొంత ఖర్చవుతుంది, మైలేజీ తగ్గుతుంది. వాల్వుల దగ్గర వచ్చే టాపెట్ చప్పుడు తగ్గినట్టు అనిపించడం నిజమే. కానీ చిక్కటి ఆయిల్ చప్పుడును మింగిందంటే అరుగుదలను ఆపిందని అర్థం కాదు.

కాబట్టి చేయవలసింది ఇది. మాన్యువల్ తీసి ఆయిల్ పేజీ చూడాలి. మాన్యువల్ పోయిందంటే కంపెనీ వెబ్‌సైటులో మోడల్ పేరుతో వెతికితే చాలా బండ్లకు దొరుకుతుంది. కొన్ని బండ్లకు ఆయిల్ మూత మీదనే గ్రేడు ముద్రించి ఉంటుంది. ఒకే గ్రేడు చెప్పి ఉంటే అదే పోయాలి, ఎండాకాలమైనా సరే. కొన్ని మాన్యువళ్ళలో బయటి ఉష్ణోగ్రతలకు ఎదురుగా రెండు మూడు గ్రేడులు చూపే పట్టిక ఉంటుంది. అది ఉన్నప్పుడు మార్చి నుంచి జూన్ వరకు మన దగ్గర అందులోని చిక్కటి గ్రేడు వాడుకోవడం సబబు. పాత మోడళ్ళకు ఒకప్పుడు 20డబ్ల్యూ-40 చెప్పిన కంపెనీలే కొత్త మోడళ్ళకు 10డబ్ల్యూ-30 చెబుతున్నాయి కనుక, పేరు ఒకటే అయినా అన్న బండికి పోసినదే తమ్ముడి బండికి పోయకుండా ఏ సంవత్సరపు బండో చూసుకోవాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 నడిపేవారికి కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ-50, సెమీ సింథటిక్, జాసో ఎంఏ2. అది పెద్ద సిలిండర్, గాలితో ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. అక్కడ 50 సరైనదైతే 100 సీసీ బండికి కూడా సరైనదని అనుకోకూడదు.

బాగా పాతబడి, రింగులు అరిగి, సైలెన్సర్ నుంచి నీలి పొగ వదులుతూ, నెలకు పావు లీటరు ఆయిల్ తాగుతున్న బండి సంగతి వేరు. దానికి ఒక గ్రేడు చిక్కగా పోయడం కొన్నాళ్ళు ఊరటనిస్తుంది. అయితే అది మందు కాదు. పంట చేతికి వచ్చేవరకు ఆగి రింగులు వేయించుకుందామనుకునే రైతు అలా నెట్టుకురావడాన్ని నేను తప్పుపట్టను. కానీ ప్రతి వారం ఆయిల్ మట్టం చూసుకుంటూ ఉండాలి, లేకపోతే ఆయిల్ ఎండిపోయి ఇంజిన్ పట్టేస్తుంది.

గ్రేడు గురించి మరొక మాట. 10డబ్ల్యూ-30 వంటి రెండంకెల ఆయిళ్ళలో వేడికి పల్చబడకుండా పొడవైన అణువుల పాలిమర్లు కలుపుతారు. కారు ఇంజిన్‌లో అవి చాలాకాలం నిలుస్తాయి. బైకులో గేరు పళ్ళ మధ్య పడి అవి తెగిపోతుంటాయి. అందువల్ల 40 గ్రేడుగా పోసిన ఆయిల్ కిలోమీటర్లు పెరిగేకొద్దీ 30 వైపు జారుతుంది. పాత ఆయిల్‌తో గేర్లు గట్టిగా పడటం, వేడెక్కాక సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకకపోవడం వెనుక తరచుగా ఉండేది ఇదే. అందుకే చిక్కటి ఆయిల్ పోసి ఆరువేల కిలోమీటర్లు సాగదీసేవారికన్నా, చెప్పిన గ్రేడు పోసి చెప్పిన గడువులో మార్చేవారి ఇంజిన్ మెరుగ్గా ఉంటుందని నేను నమ్ముతాను.

ఏపీఐ అక్షరాలు

డబ్బా వెనుక గుండ్రని గుర్తులో గానీ వరుసలో గానీ ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్, ఎస్‌పీ వంటి అక్షరాలు కనిపిస్తాయి. ఇది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నాణ్యతా తరగతి. ఎస్ పెట్రోలు ఇంజిన్లకు. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎం 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మాన్యువల్‌లో ఎస్‌ఎల్ ఉంటే ఎస్‌ఎల్ లేదా తరువాతిది తీసుకోవచ్చు, జాసో ఎంఏ పక్కనే ఉండాలన్న షరతుతో. ఆ షరతు ఎందుకంటే, కొత్త తరగతుల్లో పల్చటి గ్రేడులకు అరుగుదలను ఆపే భాస్వరం మోతాదును కార్లలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ కోసం తగ్గించారు. కార్లకు అది ముందడుగు, బైకు గేర్లకు తప్పనిసరిగా కాదు. గుండ్రని గుర్తు కింది భాగంలో "రిసోర్స్ కన్సర్వింగ్" లేదా "ఎనర్జీ కన్సర్వింగ్" అని ఉంటే ఆ డబ్బాను గేర్ల బైకు కోసం తీసుకోకపోవడమే మంచిది. శ్రీశైలం దారిలో నన్ను ఇబ్బంది పెట్టిన డబ్బా మీద కూడా ఆ మాట ఉంది, నేను చదవలేదు.

సీ అక్షరంతో మొదలయ్యే సీఎఫ్-4, సీఐ-4 వంటివి డీజిల్ ఇంజిన్లవి. మన ఊళ్ళలో ట్రాక్టర్ కోసం తెచ్చిన పెద్ద డబ్బాలో మిగిలిన ఆయిల్‌ను బైకులో పోయడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. చాలామంది బండ్లు దానితో నడుస్తున్నాయి కూడా. అయినా నేను వద్దనే చెబుతాను. డీజిల్ మసిని కడగడానికి అందులో కలిపే లోహపు రసాయనాలు ఎక్కువ, అవి కాలితే మిగిలే బూడిద చిన్న పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్ మీద, వాల్వుల మీద పేరుకుంటుంది. పైగా ఆ ఆయిల్‌ను తడి క్లచ్ మీద ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. బైకుకు కావలసింది లీటరు లేదా అంతకన్నా తక్కువ. ఆ కాస్త ఆయిల్ దగ్గర చేసే పొదుపు ఒక క్లచ్ సెట్టు ఖరీదుకు కూడా సరితూగదు.

మినరల్, సెమీ సింథటిక్, సింథటిక్

ముడి చమురును శుద్ధి చేసి తీసేది మినరల్. ప్రయోగశాల పద్ధతుల్లో అణువులను సమానంగా తయారు చేసేది, లేదా ముడి చమురును తీవ్రంగా శుద్ధి చేసి ఆ స్థాయికి తెచ్చేది సింథటిక్. రెండూ కలిపితే సెమీ. సింథటిక్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, ఆవిరై తగ్గిపోవడం తక్కువ, మడ్డి పట్టడం తక్కువ. కానీ ఖరీదు ఎక్కువ. ఊరి నుంచి బడికో ఆఫీసుకో రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు తిరిగే 100 సీసీ బండికి జాసో ఎంఏ ఉన్న మంచి మినరల్ ఆయిల్ వేళకు మారిస్తే చాలు. మధ్యాహ్నపు ఎండలో 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి నుంచి కోదాడ వరకు, లేదా 44వ నంబరు మీద షాద్‌నగర్ నుంచి పెబ్బేరు వరకు గంటల తరబడి వేగంగా నడిపేవారికి, ఇంటింటికీ సరుకులు చేరవేసే పనిలో పొద్దంతా ఇంజిన్ ఆపకుండా తిరిగేవారికి సెమీ లేదా పూర్తి సింథటిక్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. మాన్యువల్ సింథటికే పోయమన్నప్పుడు మాత్రం మినరల్‌కు దిగకూడదు. సింథటిక్ పోశామని మార్పు గడువును రెట్టింపు చేయడం కూడా సరికాదు, ఎందుకంటే దుమ్ము, పెట్రోలు ఆవిరి, తేమ ఏ ఆయిల్‌లోనైనా ఒకేలా చేరతాయి.

మన దారుల లెక్క

మార్పు గడువు బండిని బట్టి మారుతుంది. కొన్నిటికి 3000 కిలోమీటర్లు, కొన్నిటికి 5000 లేదా 6000, కొన్ని పెద్ద బండ్లకు 10,000. దానితోపాటు నెలల గడువు కూడా ఉంటుంది, రెండిటిలో ఏది ముందు వస్తే అది. దుమ్ములో, బరువుతో నడిపితే ఇంకా ముందే మార్చాలని చాలా మాన్యువళ్ళు చెబుతాయి, కానీ ఆ చిన్న వాక్యాన్ని మనం చదవము. ఎర్రని చెల్క నేలల మీది బండ్ల బాటల్లో, బత్తాయి తోటల మధ్య, పత్తి చేన్ల గట్ల వెంట, వడ్ల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు వరుస కట్టిన ట్రాక్టర్ల వెనుక నడిచే బండి నిస్సందేహంగా ఆ వాక్యం కిందికి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన సన్నని దుమ్ము ఆయిల్‌లో కలిసి గరుకు పొడిలా సిలిండర్‌ను గీస్తుంది. ఇలాంటి వాడకంలో గడువును మూడోవంతు తగ్గించుకోవడం నా పద్ధతి. ఆయిల్ మార్చిన ప్రతిసారి ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడాలి.

తెల్లవారుజామున పాల క్యాన్లతో మొదటి, రెండో గేరులోనే ఊరూరూ ఆగుతూ వచ్చే బండి మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపినా ఇంజిన్ నడిచిన గంటలు ఎక్కువ. ఇంటి నుంచి పొలానికి కిలోమీటరున్నర మాత్రమే తిరిగే బండి పరిస్థితి దీనికి మరో రూపం. ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోవడంతో పెట్రోలు మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఈ రెండు రకాలవారూ కిలోమీటర్లను పక్కన పెట్టి నెలల లెక్కనే పాటించాలి.

వానాకాలంలో డిండి వంటి వాగులు పారుతున్నప్పుడు బండి నీళ్ళలో మునిగితే, తరువాత ఆయిల్ రంగు చూడకుండా స్టార్ట్ చేయకూడదు. పాలు కలిపిన చాయ్ రంగులోకి మారితే లోపలికి నీరు చేరినట్టే. గడువు కిలోమీటర్లు ఇంకా కాకపోయినా మార్చి తీరాలి. నల్లబడటం అంత భయపడవలసిన సంగతి కాదు. ఆయిల్ మసిని తనలో కలుపుకొని తీసుకుపోతున్నదనడానికి అది గుర్తు.

కొనేటప్పుడు, మార్చేటప్పుడు

డబ్బా మూత సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, లేబులు అంచులు ఊడకుండా ఉండాలి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, గరిష్ఠ ధర స్పష్టంగా ముద్రించి ఉండాలి. స్కాన్ చేసే గుర్తు ఉంటే ఫోనుతో దుకాణంలోనే చూసుకోవాలి. ముద్రించిన ధరకన్నా మరీ తక్కువకు ఇస్తున్నారంటే ఆనందించే ముందు అనుమానించాలి. పీపాలోంచి కొలిచి పోసే విడి ఆయిల్ గ్రేడు మనకు కనిపించదు కనుక నేను తీసుకోను. డబ్బాలు 800, 900 మిల్లీలీటర్లు, లీటరు, 1.2 లీటర్లు ఇలా వేర్వేరు పరిమాణాల్లో వస్తాయి. మన బండికి మార్పు సమయంలో ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూసి ఆ పరిమాణమే కొనాలి. ఇంజిన్ విప్పినప్పుడు పట్టే పరిమాణం, ఊరికే మార్చినప్పుడు పట్టే పరిమాణం అని రెండు అంకెలుంటాయి. మనకు కావలసింది రెండోది.

మార్చడానికి ముందు ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపితే ఆయిల్ పల్చబడి మడ్డితో సహా దిగుతుంది. మెయిన్ స్టాండు మీద సమతలంలో నిలిపి, డ్రెయిన్ బోల్టు తీసి, చుక్కలు ఆగేవరకు ఓపిక పట్టాలి. బోల్టు వాషర్ నలిగి ఉంటే కొత్తది వేయాలి. అల్యూమినియం కేసింగు కనుక బోల్టును బలమంతా పెట్టి బిగిస్తే మరలు తెగుతాయి. మెకానిక్ చేతిలోంచి పానా తీసుకోనవసరం లేదు కానీ పక్కన నిలబడి ఈ ఒక్కటీ గమనించాలి. ఆయిల్ ఫిల్టర్ ఉన్న బండ్లకు దాని గడువు విడిగా ఉంటుంది, జాలీ మాత్రమే ఉన్న బండ్లకు దాన్ని కడిగించాలి.

కొత్త ఆయిల్ పోశాక రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి మట్టం చూడాలి. ఇంజిన్‌కు ఆయిల్ కనిపించే చిన్న అద్దం ఉన్న బండికి రెండు గీతల మధ్య కనిపించాలి. కొలపుల్ల ఉన్న బండికి దాన్ని తుడిచి, హీరో, హోండా బండ్లలో మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. వేరే బండికి మాన్యువల్ ఎలా చెబితే అలా. పై గీత దాటితే మేలని భావించి నిండా పోయించేవారున్నారు. ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే క్రాంకు చిలుకుతుంది, ఇంజిన్ బరువెక్కుతుంది, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా అది ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చి చేరుతుంది.

తీసిన పాత ఆయిల్‌ను మోరీలోనో, కాలువలోనో, చెట్టు మొదట్లోనో పారబోయకూడదు; 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. చెదలు పట్టకుండా గుంజలకు పూయడం పాత అలవాటే అయినా, వాడిన ఆయిల్ పదేపదే చర్మానికి తగలడం మంచిది కాదు, వానకు అది కడుక్కొని బావి వైపే పోతుంది. మెకానిక్ షెడ్డులో పీపా ఉంటుంది, అందులో పోయించాలి. ఖాళీ డబ్బాను కత్తితో రెండు ముక్కలు చేయకుండా బయట వేయకూడదు, అలా చేస్తే మళ్ళీ నింపి అమ్మేవారికి దొరకకుండా ఉంటుంది. చివరగా ఆ రోజు తేదీ, మీటరులోని కిలోమీటర్లు, పోసిన ఆయిల్ గ్రేడు, జాసో తరగతి ఒక చీటీ మీద రాసి సీటు కింద పెట్టుకొని, 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మట్టం చూసుకోవాలి.